రెండో దారి

"నీ లాప్‌టాప్‌కి మాత్రం నెట్టు రాకూడదు. అలాగ పెట్టు" అన్నాడు గవరయ్య.

రౌటరు బిగిస్తున్న హైమ తలెత్తి తండ్రిని చూసింది. ఆఫీసు పని ఇంట్లో చేసుకోడానికి అన్నయ్య కొన్న పెట్టె అది. బెంగాల్ ఓడరేవు పక్కనున్న ఆ వాట్‌గంజ్ ఇంట్లో దాన్ని పెట్టడం తెలిసింది ఆమె ఒక్కదానికే.

ఆమె ఒక బెంగాలీ అబ్బాయితో చాటింగ్ చేస్తోందని వారం కిందట ఇంట్లో తెలిసింది. అప్పట్నుంచి తండ్రి ఆమెతో మాట్లాడటం ఇదే మొదలు.

హైమ లేచింది. అన్నయ్య కంప్యూటరు ముందు కూర్చుని, తన లాప్‌టాప్‌కు నెట్టు అందకుండా ఆపేసింది.

"అయిపోయినాదా?"

"లేదు నాన్నా. ఇది రెండు బ్యాండ్లది. సిగ్నలు రెండు దారుల్లో వస్తాది. ఒకటే మూసినాను. రెండోదాంట్లోంచి నాకు వచ్చేస్తాది."

చెప్పి, రెండోది కూడా మూసింది. లాప్‌టాప్ తెచ్చి ఆయన ముందు తెరిచింది. ఏ పేజీ రాలేదు.

గవరయ్య తెర వంక చూశాడు. ముప్పై ఏళ్లు రేవు డాకులో మూటలు మోసిన ఆయనకు అక్షరాలు రావు.

"రెండో దారి ఉన్నాదని నాకు తెలీదు కదే. ఎందుకు చెప్పినావు?"

"నువ్వు మూసీమన్నావు కదా నాన్నా."

గవరయ్య కూతురి పక్కన నేల మీద చతికిలబడ్డాడు.

"ఆ కుర్రోడి పేరేటమ్మా?" అని అడిగాడు.