నొప్పి తగ్గిన వీడియో

తెనాలి ఆసుపత్రిలో డాక్టరు ట్రే మీది గుడ్డ తీశాడు. ఆపరేషన్‌లో కోసి తీసిన మూరెడు పేగు నల్లగా కమిలిపోయి ఉంది. కంపు భరించలేక రాధారాణి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది.

"రక్తం ఆగి, ఆక్సిజన్ అందక మీ ఆయన పేగు కుళ్ళిపోయిందమ్మా. నాలుగు రోజులుగా నొప్పి ఉంటే ఏం చేశారు?"

"యాంటీఆక్సిడెంట్ పొడి కలిపి తాగించానండి. పేగులకి మంచిదని..."

"ఎవరా దిక్కుమాలినవాళ్ళు, అది అమ్మింది?"

రేపల్లెలో ఇంటింటికీ ఆ పొడి అమ్మేది రాధారాణే.

ఫోన్ మోగింది. భట్టిప్రోలు నుంచి తెలిసినావిడ ఇమాం బీ.

"అక్కా, పొడితో నొప్పి తగ్గిందని బావ చెప్పిన వీడియో చూశా. మా ఆయనకీ కడుపునొప్పే. రెండు డబ్బాలు పంపించు."

అంత కంపులోనూ రాధారాణి కొంగు దించేసింది.

"పొడి వద్దు. మీ ఆయన్ని ఇప్పుడే ఆసుపత్రికి తీసుకురా. వీడియోలో మీ బావ నొప్పితో మెలికలు తిరుగుతుంటే, నవ్వమని గదమాయించింది నేనే."