ఆరో గ్లాసు

"కూర్చోరా రెంజో. నువ్వలా తిరుగుతుంటే తాగకముందే నా కళ్లు తిరుగుతున్నాయి."

హెస్టర్ మాటకి రెంజో కూర్చున్నాడు. మరుక్షణమే లేచి, సరిగ్గానే మూసి ఉన్న కిటికీని మళ్లీ మూశాడు.

బల్ల మీద తెల్లగుడ్డ, దాని మీద వరసగా ఆరు గ్లాసులు. మొదటి రెండూ తెల్ల వైన్, తక్కిన నాలుగూ ఎర్రవి. సీసాలు లోపలి గదిలో ఉన్నాయి. ఏ గ్లాసులో ఏది పోశాడో రెంజోకి తప్ప భార్య డోరీన్‌కి కూడా తెలియదు. రుచి చూసేవాళ్ల ముందు అలాగే పెట్టాలని పాతికేళ్ల కిందట అతనికి నేర్పింది ఈ హెస్టరే. నాపా లోయలో వైన్ చేసేవాళ్లలో సగం మంది ఆవిడ చేత తిట్లు తిని పైకొచ్చినవాళ్లే.

ఈసారి తిట్లతో పోయేది కాదు. రెండేళ్ల కిందట, ద్రాక్ష కోతకి పది రోజులుందనగా తూర్పు కొండ అంటుకుంది. మంట ఇటు రాలేదు గాని పొగ వారం రోజులు తోట మీదే కూర్చుంది. పొగ పట్టిన ద్రాక్షతో ఎర్ర వైన్ చేస్తే, గుటక వేసిన కాసేపటికి నోట్లో బూడిద రుచి తేలుతుంది. ఆ ఏటి పంటంతా ఇప్పుడు పీపాల్లో ఉంది. బాగుంటే సోమవారం సీసాలకెక్కించాలి, లేకపోతే మొత్తం పారబొయ్యాలి. చెడ్డది పొరపాటున జనంలోకి వెళ్లిందంటే తాతల నాటి పేరు మట్టిగొట్టుకుపోతుంది.

ల్యాబ్ వాళ్లు అటూ ఇటూ కాని అంకె ఒకటి పంపి, నాలుకే తేల్చాలన్నారు. కొందరి నాలుకకి ఆ బూడిద అసలు తెలియదు. రెంజో ఖర్మ, అతనిదీ ఆ బాపతే. డోరీన్ సంగతి సరేసరి, ఆమె బీరు మనిషి. ఇంకెవరిని పిలిచినా పొగ సంగతి తెల్లారేసరికి లోయంతా పాకుతుంది. హెస్టర్ నోరు జారే మనిషి కాదు.

ఆవిడ మొదటి గ్లాసు తిప్పి, ముక్కు లోపలికంటా పెట్టి, ఒక గుక్క పుక్కిలించి బకెట్లో ఉమ్మింది.

"ఏమిట్రా ఇది, వెన్న కరిగించి పోశావా? ఒళ్లు బాగా పట్టింది. కాస్త పులుపుంటే నిలబడేది."

"జనం అదే అడుగుతున్నారండీ."

"జనం అడిగితే గడ్డి కూడా పిండుతావా?"

రెండోది నచ్చింది. "ఇది నయం. పులుపు పదునుగా ఉంది."

నీళ్ల జగ్గు తెచ్చే నెపంతో డోరీన్ మొగుడి చెవిలో గొణిగింది. "చలికాలం జ్వరం తర్వాత ఈవిడ ముక్కు మందగించిందంటున్నారు. నిజమేనా?"

"పైకే అనమ్మా డోరీన్. నా ముక్కు పోయిందని ఊరంతా టాంటాం వేస్తున్నారుగా. చెవులు మాత్రం బాగానే ఉన్నాయి."

డోరీన్ మొహం కందిపోయింది.

మూడో గ్లాసుతో అసలు పని మొదలైంది. హెస్టర్ ఉమ్మేసి గడియారం చూసుకుంది. బూడిద వెంటనే బయటపడదు, రెండు నిమిషాలు ఆగాలి. రెంజో బొటనవేలి గోరు కొరుకుతూ నిలబడ్డాడు.

"పొగ లేదు. వగరు గట్టిగా ఉంది, ఇంకో ఐదేళ్లు ఆగుతుంది."

నాలుగోదీ బాగానే ఉందంది. ఐదోది నోట్లో పోసుకుని, ఉమ్మేసి, పకపకా నవ్వింది.

"దొంగ వెధవా! మూడూ ఐదూ ఒక్క పీపావే. అదే వగరు, చిగుళ్ల మీద అదే చోట పట్టుకుంది. నేను నేర్పిన ఎత్తు నా మీదే వేస్తావా?"

"మీరు చెప్పిందే కదండీ, ఎంతటివాళ్లకైనా ఒకటి రెండుసార్లు పెట్టి చూడమని."

"చూశావా రెంజో!" డోరీన్ ఊపిరి పీల్చుకుంది. "ఊళ్లోవాళ్ల నోళ్లు పడిపోను!"

రెంజో కూడా నవ్వాడు గాని ఆ నవ్వు నిలవలేదు. ఆరో గ్లాసు తనే ముందుకి జరిపాడు. ఒక బొట్టు తొణికి తెల్లగుడ్డ మీద పడింది.

"ఏం, కొండ పక్కనున్న మన తూర్పు గట్టు ద్రాక్షదా?" అంది డోరీన్ ఆత్రంగా.

"చెప్పకురా. చెప్పాక రుచి చూడడమెందుకు?" అంటూ హెస్టర్ గ్లాసు అందుకుంది.

ఈసారి చాలాసేపు వాసన చూసింది. పుక్కిలించింది. ఉమ్మింది. కళ్లు మూసుకుంది. ఏళ్ల తరబడి ఎగ్గొట్టిన ఆదివారం ప్రార్థనలన్నీ రెంజో ఆ రెండు నిమిషాల్లో చేసేశాడు. ఆవిడ కళ్లు తెరిచి, ఇంకో గుక్క తీసుకుని, మళ్లీ ఆగింది.

"శుభ్రం. మచ్చుకైనా బూడిద లేదు. నిండుగా, మెత్తగా దిగుతోంది. ఆరిట్లోకీ ఇదే మేలురా."

"ఇంకొక్కసారి చూడండి, హెస్టర్ గారూ."

"చాల్లే. నీ నాలుక ఎలా ఏడ్చినా చెయ్యి నేను దిద్దింది. కాగితం ఇలా తే."

ఎర్రవి నాలుగూ నిక్షేపంలా ఉన్నాయని రాసి కింద సంతకం పెట్టింది. డోరీన్ ఆవిడ రెండు బుగ్గలూ ముద్దు పెట్టుకుని, సీసాలు నింపే లారీవాళ్లకి ఫోన్ చెయ్యడానికి పరుగెత్తింది. "సోమవారం వచ్చెయ్యండి!" అన్న ఆమె కేక లోపలికి వినబడింది.

రెంజో కుర్చీలో కూలబడ్డాడు. కళ్లలో నీళ్లు ఆగలేదు. హెస్టర్ లేచి వచ్చి, చిన్నప్పుడు నెత్తి మీద మొట్టిన చేత్తోనే అతని తల నిమిరింది.

"పిచ్చి సన్నాసీ! సంతోషానికి కూడా ఏడుస్తారుట్రా?"

అతను తలెత్తి ఆవిడ మొహంలోకి చూడలేకపోయాడు.

ఆరో గ్లాసులోది, పొగ పట్టిందని పొరుగువాళ్లు పారబోస్తుంటే అతను ఒక సీసాకి పట్టి తెచ్చుకున్న వైన్.