ఎడమ సీటు

"మీ బరువెంత?"

ఇంటర్వ్యూలో మేనేజరు అడిగిన మొదటి ప్రశ్న అది.

మన పైలటు తెల్లబోయాడు. అంతకుముందు గడప తొక్కిన పదకొండు ఆఫీసుల్లోనూ "ఎన్ని గంటలు ఎగిరావు?" అనే అడిగారు. నూట అరవై మూడు అనగానే ఫైలు మూసేశారు. ఉద్యోగం కావాలంటే గంటలుండాలి. గంటలు రావాలంటే ఉద్యోగముండాలి. హెలికాప్టరు లైసెన్సు చేతికొచ్చి రెండేళ్లయినా ఆ పీటముడి విడలేదు.

"డెబ్బై రెండు కిలోలు సార్" అన్నాడు.

మేనేజరు పక్కనున్న కెప్టెన్ వైపు చూశాడు. కెప్టెన్ బక్కపలచటి మనిషి. యూనిఫారం చిలక్కొయ్యకి తగిలించినట్టుంటుంది.

"సరిపోతాడు. రేపు పొద్దున్న రమ్మనండి" అన్నాడాయన.

"జీతం ఇప్పుడే ఇవ్వలేం. షెడ్డు ఊడవాలి, హెలికాప్టరు కడగాలి, ఎడమ సీట్లో కూర్చోవాలి" అన్నాడు మేనేజరు.

చివరి మాట తప్ప మన పైలటుకు ఇంకేమీ వినపడలేదు.

ఆ సాయంత్రం అక్క అతని తెల్ల చొక్కా భుజాలకు రెండు గీతల పట్టీలు కుట్టింది. బావ ధోరణి మాత్రం మామూలే. ఆయనకు ఇసుక, సిమెంటు, ఇటుకల కొట్టు ఉంది. బావమరిదిని అందులో కూర్చోబెట్టాలని ఎప్పట్నుంచో కాచుకుని ఉన్నాడు.

"జీతం లేకుండా చేస్తే దాన్ని ఉద్యోగం అనరోయ్, సేవ అంటారు. ఈ ఏడాది ఆఖరు దాకా చూస్తాను. ఆ తర్వాత కొట్లో కూర్చుని ఇసుక తూచుకుందువుగాని."

"మీరు ఊరుకోండి. వాడు గాల్లో ఎగరాల్సినవాడు" అంది అక్క.

కొండల మీదుగా పోయే కరెంటు లైన్లను కెమెరాతో తనిఖీ చేయడం ఆ కంపెనీ పని. వెనక సీట్లు పీకేసి కెమెరా పెట్టె బిగించారు. ఆ పెట్టెను ఎత్తాలంటే ఇద్దరు మనుషులు కావాలి. కుడి సీట్లో కెప్టెన్ కూర్చుని నడుపుతాడు. ఎడమ వైపు ఉండాల్సిన నడిపే కర్ర, పెడళ్లు తీసేసి ఉన్నాయి.

నాలుగు రోజులు పోయాక బిగిస్తారు కాబోలు అనుకున్నాడు మన పైలటు. "ఏదీ ముట్టుకోకు" అన్నాడు కెప్టెన్. అతను చేతులు ఒళ్లో పెట్టుకుని, ఆయన చేతుల వంకే రెప్ప వెయ్యకుండా చూసేవాడు. ఇంటికొచ్చి నోటుబుక్కులో పెన్సిలుతో రాసుకునేవాడు. ఇవాళ గంటన్నర. ఇవాళ రెండు.

ఆ పెన్సిలు రాతల మీదే అతని ప్రాణమంతా. పర్యాటకుల్ని తిప్పే కంపెనీ ఒకటి, రెండొందల గంటలతో వస్తే తీసుకుంటామంది. కెప్టెన్ సంతకం పెడితే ఇవన్నీ పైలటు గంటల లెక్క ఉండే లాగ్‌బుక్కులోకి ఎక్కుతాయి. అడిగినప్పుడల్లా ఆయన "చూద్దాంలే" అనేవాడు.

మధ్యలో జ్వరమొచ్చి వారం రోజులు మంచాన పడ్డాడు. తిరిగి వెళ్లేసరికి కెప్టెన్ అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

"నువ్వు రాక వారం రోజులు ఇది నేల వదల్లేదు, తెలుసా!"

తిట్లు తింటూ అంత సంతోషపడటం అతనికి అదే మొదటిసారి. కెప్టెన్ అతన్ని తూకం మీద నిలబెట్టాడు. అరవై ఏడు. ఆయన మొహం మాడిపోయింది. మర్నాటి నుంచి కోడిగుడ్లు, అరటిపళ్లు తెచ్చి దగ్గరుండి మరీ తినిపించాడు.

"నేను లేకపోతే హెలికాప్టరే లేవదట అక్కా" అన్నాడు ఇంట్లో.

అక్క కళ్లు తుడుచుకుంది. బావ కూడా ఆ పూట ఎగతాళి చెయ్యలేదు.

ఏడాది ఆఖరు వారం వచ్చింది. నోటుబుక్కులో ముప్పై ఎనిమిది గంటలయ్యాయి. పాతవి కలిపితే రెండొందల ఒకటి. అతను లాగ్‌బుక్కు, నోటుబుక్కు చంకలో పెట్టుకుని మేనేజరు గదిలోకి వెళ్లాడు.

"సార్, సంతకం..."

"నేనే కబురు పెడదామనుకుంటున్నా. ఇవాళ్టి నుంచి నువ్వు రానక్కర్లేదు బాబూ."

"నా వల్ల తప్పేమైనా జరిగిందా సార్?"

"తప్పేం లేదు. నీకు జ్వరమొస్తే వారం పని ఆగిపోయింది కదా. ఎడమ సీటుకు వేరే ఏర్పాటు చేసుకున్నాం."

"బాగా అనుభవం ఉన్నవాళ్లా సార్? ఎన్ని గంటలు?"

"ఆ సీటుకు గంటలతో పనేముందయ్యా?"

"మరి నా ముప్పై ఎనిమిది గంటలు..."

మేనేజరు నోటుబుక్కు తిరగేశాడు. మొదటిసారి అతని వైపు జాలిగా చూశాడు.

"ఇవి నీ గంటలు కావు బాబూ" అని మూసి చేతికిచ్చేశాడు.

అతను కాళ్లీడ్చుకుంటూ బయటికొచ్చాడు. అక్కకు ఏమని చెప్పాలి? ఏ మొహం పెట్టుకుని ఇంటికెళ్లాలి? అన్నిటికీ మించి అసూయగా ఉంది. ఆ అదృష్టవంతుడెవరో ఒక్కసారి చూడాలి. తనకన్నా అతనిలో ఏం ఎక్కువో తెలిస్తే కాస్త మనసు కుదుటపడుతుంది.

షెడ్డు ముందు హెలికాప్టరు సిద్ధంగా ఉంది. రెక్కలు ఇంకా తిరగడం లేదు. కెప్టెన్ కుడి సీట్లో కూర్చుని హెడ్‌సెట్ సర్దుకుంటున్నాడు. ఎండకు అద్దం మెరుస్తోంది. పక్కన ఎవరున్నదీ కనిపించడం లేదు. మన పైలటు దగ్గరికెళ్లి, అద్దానికి అరచేయి అడ్డం పెట్టి లోపలికి చూశాడు.

ఎడమ సీట్లో, తాను రోజూ తుడిచే బెల్టులు అడ్డంగా బిగించి, బావ కొట్టు ముద్ర వేసిన డెబ్బై రెండు కిలోల ఇసుక మూట కుదురుగా కూర్చుని ఉంది.