నీలం పూస

పూసలక్క రేకుడబ్బాలోంచి ఒక గొలుసు లాగింది. దాని వెనకాలే మరో పదకొండు గొలుసులు, పెళ్లికి బయల్దేరిన చుట్టాల్లా, ఒకదాన్నొకటి పట్టుకుని వచ్చాయి.

"శనివారానికి నలభై దండలివ్వాలి! స్కూలు పిల్లల డాన్సు! తప్పితే వాళ్లు మళ్లీ మన గడప తొక్కరు. ఈ రేకుడబ్బాతో నేనెక్కడ చావను?"

ఆ డబ్బా సామాన్యమైంది కాదు. ఒకసారి పిల్లి అందులో తల దూర్చి, మూడు దండలూ ఒక జూకాతో పెళ్లికూతురిలా బయటికొచ్చిందని వీధిలో చెప్పుకుంటారు. జూకా మాట మాత్రం అబద్ధం.

పూసలక్క ముందుగదిలో ఆరుగురు ఆడపిల్లలు పని నేర్చుకునేవారు. పాత క్యాలెండరు కాగితాలు చుట్టి పూసలు, చొక్కా గుండీలతో కమ్మలు, మిగిలిన ఊలుతో గాజులు. బంగారం తప్ప అక్కడ అన్నీ నగలయ్యేవి.

గుమ్మంలో ఎవరో ముసలావిడ నిలబడి ఉంది.

"ఆ చిక్కులు నేను విప్పనా అమ్మా? కూతురింటికి వచ్చాను. ఊరికే కూర్చుంటే చేతులు తిమ్మిరెక్కుతున్నాయి."

"విప్పు అవ్వా, నీకు పుణ్యముంటుంది."

అవ్వ ముడి మీద కాస్త పౌడరు చల్లింది. సూది మొన దూర్చి అటూ ఇటూ ఆడించింది. పన్నెండు గొలుసులూ బుద్ధిమంతుల్లా విడివడ్డాయి.

మర్నాడు కోడిగుడ్ల అట్టలు తెచ్చి, ఒక్కో గుంటలో ఒక్కో రంగు పూసలు పోసింది. కిటికీకి దోమల జాలీ ముక్క బిగించి కమ్మలన్నీ తగిలించింది. ఖాళీ అగ్గిపెట్టెలు అతికించి బుల్లి సొరుగులు చేసింది.

"అవ్వా, మా ఆయన్ని కూడా ఇలా ఒక సొరుగులో సర్దిపెడుదూ!"

"అంత పెద్ద అగ్గిపెట్టె దొరకదమ్మా."

పని చేస్తున్నా అవ్వ చూపు మాటిమాటికీ గోడ మీదికి పోయేది. అక్కడ అద్దాల చట్రంలో ఒక గాజుపూసల దండ. యాభై మూడు ఎర్రవి. కొక్కెం నుంచి ఏడోది ఒక్కటే నీలం.

"అదెవరిది?"

"మా గురువుగారిది. నాకు పదేళ్లప్పుడు నెల రోజులు జ్వరం. మంచం దిగనివ్వలేదు. బస్టాండులో ఎవరో ఆవిడ గంపలో పెట్టి అమ్ముతుంటే మా నాన్న కొనుక్కొచ్చాడు. పడుకునే విప్పడం, కట్టడం. మళ్లీ విప్పడం, కట్టడం. లేచేసరికి పని వచ్చేసింది."

"ఆవిణ్ణి చూడనే లేదా?"

"ఎక్కడా! ఎదురుపడితే కాళ్ల మీద పడిపోనూ?"

అవ్వ కాళ్లు చీర కిందికి లాక్కుని సర్దుకు కూర్చుంది.

"మరి ఆ నీలం పూస ఎందుకో?"

"అదే కిటుకు అవ్వా! ఎంత చక్కగా అల్లినా ఒక్కచోట తేడా ఉంచాలి. లేకపోతే అల్లినవాళ్లకి గర్వం తలకెక్కుతుంది. గురువుగారు నోరు తెరవకుండా చెప్పిన పాఠం."

పిల్లలంతా ఆ మాట నోటుపుస్తకంలో ఎర్రసిరాతో రాసుకున్నవాళ్లే. ఇరవై ఏళ్లుగా, ఏడో పూస తేడా లేకుండా ఒక్క దండా ఆ గడప దాటలేదు.

అవ్వకి పొలమారింది. మంచినీళ్లిచ్చారు.

"ఆ అద్దం తీసి ఒక్కసారి దండ నా చేతికిస్తావా అమ్మా?"

"ఆ ఒక్కటీ అడక్కు. దాని దుమ్ము కూడా నేనే దులుపుతాను."

గురువారానికే నలభై దండలూ అయిపోయాయి. మురిసిపోతూ ఒక్కొక్కటీ ఎత్తి చూస్తున్న పూసలక్క ఒకచోట ఆగిపోయింది.

"నీలం పూస ఏదే?"

పన్నెండు దండల్లో లేదు. ఏడోది కూడా ఎర్రదే.

"నేనే మార్చానమ్మా," అంది అవ్వ. "చిన్నపిల్లలు వేసుకునేవి కదా, ఒకే రంగైతే ముచ్చటగా ఉంటుందని."

"గురువుగారి గుర్తునే పీకేస్తావా! నాలుగు చిక్కులు విప్పితే పని వచ్చేసినట్టేనా? ఆవిడ చూస్తే ఏమనుకుంటారు?"

"ఏమీ అనుకోదులే."

"నీకేం తెలుసు? చాలు అవ్వా. రేపట్నుంచి రావద్దు."

అవ్వ మొహంలో కోపం లేదు. కింద దొర్లిన పూసలు ఏరి, ఏ రంగువి ఆ గుంటలో వేసింది. గోడ వైపు చూసి, నవ్వు కొంగుతో తుడుచుకుని వెళ్లిపోయింది.

పన్నెండు దండలూ విప్పి మళ్లీ నీలం పూసలు గుచ్చారు. శనివారం స్టేజీ అదిరిపోయేలా నలభైమంది పిల్లలు గంతులేశారు. ఒక్క దండ తెగలేదు. స్కూలువాళ్లు వచ్చే ఏడాదికీ అప్పుడే చెప్పేశారు.

ఆదివారం పొద్దున పూసలక్క మనసు కరిగింది.

"వెళ్లి అవ్వని పిలుచుకు రండే. ఆ గుడ్ల అట్టలే లేకపోతే మనం ఇంకా మూడో దండ దగ్గరే ఉండేవాళ్లం."

ఎవరికీ అవ్వ కూతురిల్లు తెలియదు. పేరూ అడగలేదు.

ఇంతలో పక్కింటి టైలరు మెడలో టేపుతో వచ్చాడు.

"ఆ ముసలావిడ పొద్దున్నే బస్సెక్కి వాళ్ల ఊరెళ్లిపోయిందక్కా. ఇది నీకిమ్మంది."

అగ్గిపెట్టె. లోపల దూది. దూదిలో ఒకే ఒక్క ఎర్ర గాజుపూస.

అలాంటి ఎరుపు ఇప్పుడు ఏ దుకాణంలోనూ లేదు. పూసలక్క వెతికి వెతికి ఎప్పుడో మానుకుంది. ఆమెకి తెలిసి లోకంలో ఉన్నవి యాభై మూడే, అవీ ఆ గోడ మీదే.

"ఏమైనా చెప్పిందా?"

టైలరు బుర్ర గోక్కున్నాడు.

"నాకైతే ఒక్క ముక్క అర్థం కాలేదక్కా... ఆ రోజు అల్లుతుంటే ఒకటి తక్కువైందట, బస్టాండుకి వేళవుతోందని చేతికందిన నీలంది గుచ్చేసిందట, మర్నాడు ఊడుస్తుంటే ఇది మంచం కింద దొరికిందట. తెచ్చివ్వడం ఇంత ఆలస్యమైనందుకు ఏమీ అనుకోవద్దంది."