అయిదు కిలోల సంచి

“మళ్లీ తియ్యి,” అన్నాడతను, కొక్కెం తూకంలో ముల్లు ఏడు దాటడం చూసి.

ఆమె సంచిని మంచం మీదికి దించి, జిప్పు లాగి, మూడోసారి సామానంతా బయట పరిచింది. గోడ గడియారం రెండు కొట్టింది. బస్సు నాలుగింటికి.

అతని పని ఇళ్లు మారేవాళ్ల సామాను కట్టి లారీకెక్కించడం. ఇరవై రెండేళ్లుగా పరాయివాళ్ల బీరువాలు మోసి నడుము పట్టేసింది. మనుషుల మీద గౌరవం కూడా వాళ్ల మెట్ల మీదే ఎక్కడో జారిపోయింది. కిందటి ఇంట్లో విప్పని పెట్టెను విప్పకుండానే ఇంకో ఇంటికి మోయించే జనం అతనికి కొత్త కాదు. అందులో ఏముందని అడిగితే తెలియదంటారు. పారేయమంటే, పనికొస్తుందేమో అంటారు. ఆ ‘ఏమో’ కన్నా బరువైంది లోకంలో ఇంకోటి లేదని అతని అభిప్రాయం.

ఇప్పుడా ‘ఏమో’ తన ఇంట్లోనే మంచమంతా పరుచుకుని ఉంది. దీనికంతటికీ కారణం ముగ్గురు పిల్లల్ని పెంచిన ఆమె అక్క. రెండేళ్ల పిల్లతో ప్రయాణమంటే తమాషా కాదని చెల్లెల్ని ఫోనులో గంటసేపు భయపెట్టి, ఇరవై మూడు వస్తువులు రాయించింది. జ్వరం మందు దగ్గర్నుంచి వాంతి తుడిచే గుడ్డ దాకా. అతను ఆ కాగితం చదివి, ఇది ప్రయాణమా, కాపురం మార్చడమా అని అడిగాడు. ఆమె నవ్వలేదు.

అతని లెక్క తేలిక. వెళ్లి రావడం రెండు రోజులు. బస్సులో ఏడు గంటలు. పిల్ల బరువు పదకొండు కిలోలు. ఆమె అలిసిపోతే తనకే ఒక చేత్తో పిల్ల, ఇంకో చేత్తో సంచి. కాబట్టి సంచి అయిదు దాటకూడదు.

“రెండు జతల చెప్పులెందుకు? పిల్లకున్నవి రెండు కాళ్లే కదా.”

“ఒక జత కాస్త పెద్దవి. పిల్లల కాళ్లు, ఏవి పడతాయో ఏంటో.”

“ఒక్క రాత్రిలో పెరిగిపోతాయా?”

ఆమె పెద్ద జత పక్కన పెట్టింది. పాల సీసా, గ్లాసు రెండూ ఉన్నాయి. ఏదో ఒకటి చాలన్నాడు. సీసా వద్దని మొండికేస్తే గ్లాసు కావాలంది. బొమ్మలేమో మూడు. చెక్క గుర్రం, గుడ్డ కుందేలు, తిప్పితే మోగే డప్పు. డప్పు మోగితే డ్రైవరు మనల్ని దారిలోనే దించేస్తాడని దాన్ని బీరువా మీద పడేశాడు. గుర్రం మూలలు గుచ్చుకుంటాయని అదీ తీసేశాడు. గ్లాసుకు మాత్రం ఒప్పుకుని, పాత పేపర్లో చుట్టి, టేపు వేసి, అలవాటు కొద్దీ దాని మీద పైకి బాణం గుర్తు గీశాడు. అది స్టీలు గ్లాసు. మామూలు రోజైతే ఈ ఒక్కదాన్ని పట్టుకుని ఆమె వారం రోజులు ఏడిపించేది. ఇవాళ చూసి కూడా ఊరుకుంది.

తూకం ఆరు చూపించింది.

అప్పుడతను బొంత మీద చెయ్యి వేశాడు. ఇంట్లోని మెత్తటి పాతగుడ్డలన్నీ ఏరి, నెల రోజులు కూర్చుని ఆమె కుట్టిన బొంత అది. ఆమె రెండు చేతులతో దాన్ని అదిమిపట్టింది.

“ఇది తియ్యను.”

“లాడ్జీలో దుప్పట్లుంటాయి.”

“ఉండనీండి. నా దగ్గర ఏడిస్తే దేంతో ఊరుకోబెట్టను?”

వారం రోజులుగా ఆమె తిరగేసి బోర్లేసి అంటున్నది ఈ మాటే. పిల్ల ఏడుస్తుందట. అక్కడ నలుగురూ చూస్తుండగా ఏడుస్తుందట. ఎత్తుకుంటే చేతుల్లోంచి జారిపోతుందట. పిల్లను ఊరుకోబెట్టడం కూడా రాదు, ఇదేం తల్లి అని వాళ్లు పైకి అనకపోయినా మనసులో అనుకుంటారట.

“ఏడవని పిల్లలుంటారా?” అన్నాడు.

“మీకేం, పక్కన నిలబడి సంచి మోస్తారు. ఎత్తుకోవాల్సింది నేను.”

అతను తూకం కింద పెట్టాడు. గొంతు తగ్గింది.

“చూడు. మా పనిలో కొత్తగా చేరినవాడికి మొదటిరోజు చెప్పేది ఒక్కటే. బరువు చేతిలో పడ్డాక అటూ ఇటూ చూడొద్దు. పడేస్తానేమో అనుకున్నవాడే పడేస్తాడు. ఏడిస్తే ఏడవనీ. ఊరుకునేదాకా దించకు.”

“దాన్ని కూడా మీ బీరువాల్లో కలిపేశారా?” అంది ఆమె. కానీ చేతులు కాస్త సడలాయి.

అతను బొంత జోలికి మళ్లీ పోలేదు. సంచి అడుగు నుంచి తన రెండో చొక్కా, తువ్వాలు, గడ్డం గీసుకునే సామాను తీసి కుర్చీలో పడేశాడు. ఆ ఖాళీలో పెద్ద జత చెప్పులు దూర్చి, జిప్పు వేసి, కొక్కేనికి తగిలించాడు. ముల్లు అయిదు దగ్గర ఆగింది.

“మరి రేపటికి మీకు?”

“ఈ చొక్కాయే. కాస్త చెమట వాసనొస్తుంది. నన్నెవరూ ఎత్తుకోరుగా.”

మూడున్నరకు తాళం వేసి బయటపడ్డారు. బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. కండక్టరు టికెట్లు కొట్టుకుంటూ వచ్చినప్పుడు, అడగాలని అతను ముందే అనుకున్నది అడిగాడు. రేపు తిరుగు బస్సు దారిలో పాలు కాచి ఇచ్చే చోట ఆగుతుందా అని. రెండేళ్ల పిల్ల ఉంది, ఆకలికి ఆగదేమో అని. ఇన్నేళ్లుగా తాను తిట్టిపోసిన ‘ఏమో’ తన నోటివెంటే వచ్చిందని అతను గమనించలేదు.

బస్సు ఆగుతుందన్నాడు కండక్టరు. రెండేళ్ల పిల్లకు టికెట్ కూడా అక్కర్లేదు, ఒళ్లో కూర్చోబెట్టుకుంటే చాలన్నాడు. అంటూనే వాళ్ల సీటు వంక, వెనక సీటు వంక చూశాడు.

“ఇంతకీ పాప ఏదమ్మా?”

ఆమె భర్త మొహంలోకి చూసింది.

“అనాథాశ్రమం వాళ్లు ఇంకా ఇవ్వలేదండీ,” అన్నాడతను.