నల్లరాతి గిన్నె

ఈ గ్రహం మీద ప్రాణి అన్నది లేదని తేల్చింది మేమే. అయినా ఓ ఉదయం మా డోమ్ తలుపు ముందు నల్లరాతి గిన్నె కనబడింది. నిండా ఏవో బూడిదరంగు గింజలు. వాటిని పరీక్షకి తీసుకుని, గిన్నె బయట పెట్టెయ్యమన్నాను.

“ఖాళీ గిన్నె ఎలా తిరిగిస్తామే?” అంటూ అత్తయ్య అందులో గుప్పెడు పంచదార పోసింది.

మర్నాడు అంతకన్నా పెద్ద గిన్నె వచ్చింది, నీలం పళ్లతో. అత్తయ్య ముచ్చటపడిపోయి జంతికలు పెట్టింది.

ఇవాళ వచ్చింది గంగాళమంత ఉంది. లోపల ముడుచుకుని, మెల్లగా ఊపిరి తీస్తూ ఒక పసికూన. మనిషి పసికూన కాదు.

అత్తయ్య ఉయ్యాలలోంచి నా కూతుర్ని లాక్కుని గుండెకి హత్తుకుంది.

“తలుపెయ్యి వనజా,” అంది. “మనం ఏ గిన్నే ఖాళీగా పంపమని వాళ్లకి తెలిసిపోయింది.”