దక్షిణపు గట్టు

రోడ్డుకు అడ్డంగా గొడుగు చాపి నిలబడ్డాడు అమ్మిరాజు.

ఎదురుగా వస్తున్న చిన్న ట్రాక్టరు ఆగక తప్పలేదు. దాని వెనక మట్టి తవ్వే బకెట్ ఉంది. రెండు రోజులుగా అమ్మిరాజు అలాంటి మిషను కోసమే ఊళ్లన్నీ తిరుగుతున్నాడు.

"ఏవయ్యా, ఎక్కడికి?"

"ఈ పక్కనే చిన్న పనుందండి," అన్నాడు డ్రైవరు. నడివయసు మనిషి, ప్యాంటు మోకాళ్లదాకా మడిచి ఉంది.

"నీ పని ఆగుతుందిలే. నా ఎనిమిదెకరాలు ఆగవు. తిప్పు!"

అమ్మిరాజు తిప్పమంటే ఆ ఊళ్లో ఎవరైనా తిప్పాల్సిందే. డ్రైవరూ తిప్పాడు.

చేలో నీళ్లు తప్ప ఏమీ కనిపించడం లేదు. నారు ఊడ్చి పన్నెండు రోజులైన వరి మూడు రోజులుగా మునిగే ఉంది. ఇంకో రెండు రోజులు ఇలాగే ఉంటే కుళ్లిపోతుంది.

"మళ్లీ ఊడ్చడానికి నారుందాండి?" అడిగాడు డ్రైవరు.

"ఊళ్లో పిడికెడు లేదు. ఇది పోతే ఈ ఏడు మా గాదెలో గింజుండదు."

ఆ ఒక్క మాట దగ్గర అమ్మిరాజు గొంతు తగ్గింది. వెంటనే సర్దుకున్నాడు.

"పడమటి వైపు తవ్వు. మా నాన్నగారి నాటి నుంచీ నీళ్లు అటే దిగుతాయి. నా చేను వాటం నాకు తెలీదా?"

డ్రైవరు మిషను దిగాడు. సీటు కింద నుంచి సన్నటి ప్లాస్టిక్ పైపు తీసి, నీళ్లు నింపి, ఒక కొస రాజుగారి చేతికిచ్చాడు. రెండో కొస పట్టుకుని తను గట్టు వెంట అటూ ఇటూ నడిచి నీటిమట్టం చూసుకున్నాడు.

"పడమట చేపల చెరువులు తవ్వారు గదండీ. ఆ మట్టి జారి అటంతా మెరకైపోయింది. అటు తవ్వితే నీళ్లు వెనక్కొస్తాయి. దక్షిణం జానెడు పల్లం ఉందండి."

దక్షిణాన గట్టుకి అవతల వేరేవాళ్ల ఎకరంన్నర ఉంది. అది దాటితే మురుగు కాలవ.

"ఎవరో గంగయ్యట, మొగల్తూరు ఆసామి, మొన్న వేసవిలో కొన్నాడు," అన్నాడు అమ్మిరాజు. "ఊడ్పుల రోజు మనిషిని చూద్దామని వెళ్లాను. అందరూ బురదలో వంగి ఉన్నవాళ్లే. గొడుగేసుకుని గట్టు మీద నిలబడ్డవాడు ఒక్కడూ లేడు. మొహం చాటేశాడంటే తగువులమారే అయ్యుంటాడు."

"అయ్యుంటాడండి."

"అడిగితే ఒప్పుకుంటాడంటావా?"

డ్రైవరు ఆ ఎకరంన్నర వంక చూశాడు. అక్కడ వరి కొసలు ఇంకా నీళ్ల పైనే ఉన్నాయి. తర్వాత ఇటు తిరిగి, మునిగిపోయిన ఎనిమిదెకరాలనీ చూశాడు.

"చెప్పలేనండి."

"అందుకే అడగను. తవ్వెయ్!"

"మధ్యలో ఆయనొస్తేనోనండి?"

"వస్తే నాలుగు తగిలిస్తాను."

డ్రైవరు నవ్వేశాడు. "అయితే తొందరగా కానిద్దామండి."

మూడు గంటల్లో పుంత దారి పక్కనే లోతుగా కాలవ సాగింది. దక్షిణపు గట్టు దగ్గర డ్రైవరు మిషను ఆపి దిగాడు. అవతలి చేలో, నీళ్లు వచ్చి పడే చోట ఉన్న మొక్కల్ని ఒక్కొక్కటే పీకి, దూరంగా గట్టు మీద పెట్టాడు.

"పరాయివాడి మొక్కల మీద నీకంత మమకారం ఏంటయ్యా!"

"చేత్తో ఊడ్చినవి గదండీ."

మళ్లీ సీటెక్కి బకెట్ దించాడు. గట్టు తెగింది. నీళ్లు హోరుమంటూ కిందికి దూకాయి. అమ్మిరాజు ఆనందం పట్టలేక ఊరంతా వినపడేలా కేక పెట్టాడు.

డ్రైవరు అద్దె పుచ్చుకుని, గ్లాసుడు మజ్జిగ తాగి వెళ్లిపోయాడు. అతని పేరేంటో అమ్మిరాజు అడగలేదు. అడగాలని తోచనైనా లేదు.

మర్నాడు మళ్లీ కుండపోత వాన. ఆ నీళ్లూ దిగిపోయాయి. వారం తిరిగేసరికి ఎనిమిదెకరాలూ పచ్చగా లేచాయి. కింద ఎకరంన్నర కుళ్లిపోయింది.

అమ్మిరాజు తగువుకి సిద్ధమై అరుగు మీద కూర్చున్నాడు. మాటలన్నీ ముందే అనుకుని పెట్టుకున్నాడు. నాలుగు రోజులైనా ఎవరూ రాలేదు.

"వచ్చి తిట్టినా బాగుండును," అన్నాడు భార్యతో.

"వాళ్లు రాకపోతే మీరే వెళ్లాలి," అంది శ్యామలాంబ. ఆత్రేయపురం నుంచి వచ్చిన పూతరేకుల ప్యాకెట్ చేతిలో పెట్టి మొగల్తూరు బస్సెక్కించింది.

గంగయ్యది చిన్న పెంకుటిల్లు. ఆయన భార్య బయటికొచ్చింది.

"అమ్మా, నేను అమ్మిరాజుని. మీ గట్టు తెగ్గొట్టించింది నేనే. వచ్చే పంటకి నారూ ఊడ్పూ నావి. గంగయ్యగారితో ఆ మాట చెప్పి పోదామని వచ్చాను."

"లేరండి. చేలో పని లేకుండా పోయింది గదండీ, కాకినాడ అవతల ఏదో కాలవ పనికెళ్లారు. నాలుగు నెలల దాకా రారు."

"నా మీద చాలా కోపంగా ఉండుంటారు."

"అబ్బే, లేదండి. రాజుగారొస్తే మజ్జిగివ్వమన్నారు. నాలుగు తగిలిస్తారేమో, కాస్త దూరంగా నిలబడమని నవ్వారు కూడానండి."

అమ్మిరాజు జీవితంలో మొదటిసారి సిగ్గుతో తల దించుకున్నాడు.

ఆవిడ మజ్జిగ గ్లాసు అందిస్తూ అంది:

"ఆ రోజు మా గట్టు ఎత్తు చేద్దామనే మిషనేసుకుని బయల్దేరారండి, దారిలో మీరు గొడుగు అడ్డంపెట్టి ఆపారట."